మైక్రోవేవుకు సాంచా నూనె

సిరిసిల్ల,
జూలై 3

జగిత్యాల సర్వీస్ సెంటర్ మేనేజరు గారికి,

నమస్కారం తర్వాత పెడతాను. ముందు సంగతి వినండి.

కోరుట్లలో ఉన్న మా బిడ్డ రజిత వాళ్లమ్మకు మీ కంపెనీ మైక్రోవేవ్ ఓవెన్ కొనిచ్చింది. మా ఇంటావిడ దేవమ్మ పొద్దంతా సాంచాలకు నూలు కండెలు చుడుతుంది. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం, తెలియకపోతే తెలుసుకోండి. అంత చాకిరీ చేసి ఇంటికొచ్చిన మనిషి మళ్లీ పొయ్యి ముందు నిలబడాలా? కూర వేడి చేయడం ఆడవాళ్ల నుదుట రాసి ఉందా? అందుకే ఇది అభ్యుదయ యంత్రమని నేనే స్వయంగా మోసుకొచ్చి అల్మారా మీద పెట్టాను.

మరి అది చేస్తున్నదేమిటి? లైటు వెలుగుతుంది. పళ్లెం తిరుగుతుంది. గుయ్యిమని చప్పుడు చేస్తుంది. ఐదు నిమిషాలకు గంట కొట్టి చల్లటి అన్నం చేతిలో పెడుతుంది! ఇన్ని హంగులుండి ఫలితం లేకపోవడం ప్రభుత్వ పథకాల్లో చూశాను గానీ వంటింట్లో ఇదే మొదలు.

మీ నంబరుకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంది, ఆరు నొక్కమంది, తొమ్మిది నొక్కమంది. ఇక నొక్కను. రాస్తాను. రిజిస్టర్డు పోస్టులోనే రాస్తాను. సంతకం, ముద్ర వేసి రాతపూర్వకంగా జవాబివ్వండి.

వదలని మనిషి,
జలపతి
కార్యదర్శి, మరమగ్గాల కార్మికుల వాడ సంఘం

తా.క.: నమస్కారం.

*

జగిత్యాల,
జూలై 9

గౌరవనీయులైన జలపతి గారికి, మేనేజరు శ్రీధర్ వినయంగా రాయునది.

మా మెకానిక్ బాలరాజు సోమవారం మీ ఇంటికి వస్తాడు. కోరుట్ల మనిషి, పని తెలిసినవాడు. ఈలోగా కొన్ని చూసుకోండి. అన్నం ఏ గిన్నెలో పెడుతున్నారు? స్టీలు గిన్నె, పైన స్టీలు మూత అయితే వేడి లోపలికి పోదు. గాజుది గానీ పింగాణీది గానీ వాడండి. ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి నిమిషం పెట్టి చూడండి. నీళ్లు వేడెక్కితే ఓవెన్ బాగున్నట్టే. తలుపు పూర్తిగా పడుతున్నదో లేదో గమనించండి. పళ్లెం కీచుమంటే, ప్లగ్గు తీసి, కింద ఉన్న చక్రాల రింగును తడిగుడ్డతో తుడవండి.

మీ సేవలో,
శ్రీధర్

తా.క.: వెనక రేకు మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. ఇది కంపెనీ మాట కాదు, నా మాట.

*

సిరిసిల్ల,
జూలై 18

శ్రీధర్ గారికి, జలపతి కోపంగా రాస్తున్నది.

తలుపు పడుతున్నదో లేదో చూడమంటారా? ముప్పై ఏళ్లు సాంచాలు నడిపినవాణ్ని. నాకు తలుపు వేయడం నేర్పిస్తారా?

మీ బాలరాజు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా, "కాకా, గిన్నె స్టీలుదేనా?" అన్నాడు. "ఔ బిడ్డా, మాకు స్టీలువే ఉన్నయి," అంది దేవమ్మ. "గందుకే కాకా అన్నం ఏడి కాలే. గాజుది పెట్టు," అని గ్లాసుతో నీళ్లు వేడి చేసి చూపించి నవ్వాడు. శ్రీధర్ గారూ, ఆ నవ్వు ఎవరిది? కష్టజీవుల ఇళ్లల్లో ఉండేవి స్టీలు గిన్నెలు. కష్టజీవి గిన్నెను గుర్తించని యంత్రాన్ని కష్టజీవులకు ఎందుకు అమ్మారు? డబ్బా మీద రాయొచ్చు కదా, గాజుగిన్నెలు లేనివాళ్లు కొనవద్దని!

పోనీ, గాజుగిన్నె తెచ్చాం. గురువారం నుంచి లోపల చిటపటలాడుతూ నిప్పురవ్వలు. కాలిన వాసన. దేవమ్మ వంటింటి గడప తొక్కడం లేదు. బాలరాజు వచ్చి వెళ్లాకే ఇలా అయింది. దీనికి బాధ్యత ఎవరిదో తేల్చండి! తేల్చేదాకా ఊరుకోను.

నిలదీస్తూ,
జలపతి

తా.క.: పళ్లెం కీచుమనడం మటుకు నేనే మాన్పించాను. మీ తడిగుడ్డ అక్కర్లేకపోయింది.

*

జగిత్యాల,
జూలై 24

జలపతి గారికి, శ్రీధర్ భయపడుతూ రాయునది.

రిజిస్టర్డు పోస్టులో వచ్చిన ప్రతి ఉత్తరం మా హైదరాబాదు పెద్దాఫీసుకు పోతుంది. మీరు కోరినట్టే వాళ్లు బాధ్యత తేల్చారు. బాలరాజు పేరు మీద రెండు ఫిర్యాదులు రాసుకున్నారు. మూడోది పడితే ఉద్యోగం తీసేస్తారు. అతనికి చంటిబిడ్డ ఉంది.

నిన్న అతణ్ని మళ్లీ మీ ఇంటికి పంపాను. మీరు సంఘం మీటింగుకు పోయారట. ఓవెన్ గోడకు ఒక పలుచని రేకులాంటి అట్ట ఉంటుంది. దాని మీద జిడ్డు పడితే అక్కడే మాడి నిప్పురవ్వలు వస్తాయి. దానిమీద నల్లటి నూనె చూశానని బాలరాజు చెప్పాడు. పళ్లెం కింద కూడా అదే నూనె. అది కూర నూనె కాదంటున్నాడు. ఎవరు పోశారు? ప్లగ్గు తీసి ఉంచండి. దయచేసి వాడకండి.

విధేయుడు,
శ్రీధర్

తా.క.: ఏదైనా ఉంటే నా సెల్లుకు ఫోన్ చేయండి. తిట్టండి, పడతాను. ఫోనులో తిట్టింది ఫిర్యాదు కింద రాయరు.

*

సిరిసిల్ల,
జూలై 29

శ్రీధర్ గారికి,

మీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. అది చల్లగా ఉన్నందుకు కాదు.

నేను బాధ్యత తేల్చమన్నది ఎవరిది? కంపెనీది! మీరు తేల్చిందేమో స్క్రూడ్రైవర్ పట్టుకొని మూడు బస్సులు మారి వచ్చే మనిషిది! పైన మొదలైన తప్పు మెట్టు మెట్టు దిగి అందరికంటే కింద ఉన్నవాడి మెడకు చుట్టుకోవడం మా సాంచాల కాడ రోజూ చూస్తాం. బట్టలో పోగు తెగితే నేసినవాడిని అంటారు గానీ పుచ్చిన నూలు ఇచ్చినవాడిని అనరు. మీరు పైవాళ్ల మనిషి. మీకిది అర్థం కాదు.

నూనె పోసింది నేనే. దాచడానికేముంది? యంత్రం కీచుమంటే నూనె పోయడం మా చేతులకు పుట్టిన అలవాటు. పొద్దున సాంచాకు పోయగా మిగిలినదాన్ని పళ్లెం కింద నిండుగా పోశాను. తుడవమని రాశారు గానీ నూనె వద్దని ఎక్కడ రాశారు? మీ పుస్తకం పద్దెనిమిది భాషల్లో ఉంది, అందులో తెలుగు లేదు! తలుపు వదులైతే మూడు పేటల నూలుతో ముడి కూడా వేశాను. అది నేతగాడి ముడి, మీ ఇంజినీర్లు వచ్చినా విప్పలేరు.

బాలరాజును ముట్టుకుంటే వందమందితో జగిత్యాల వచ్చి మీ ఆఫీసు ముందు కూర్చుంటాం.

హెచ్చరికతో,
జలపతి

తా.క.: ఇది ఫిర్యాదు కాదు. మూడోదని లెక్కపెట్టకండి. సాక్ష్యం ఉండాలని రిజిస్టర్డులో పంపుతున్నాను.

*

జగిత్యాల,
ఆగస్టు 3

జలపతి గారికి,

లెక్కపెట్టారు.

పెద్దాఫీసులో ఉత్తరాలు చదవరండీ, లెక్కపెడతారు. పెద్ద పెద్ద అక్షరాల మీ పదకొండు పేజీలు మూడో ఫిర్యాదుగా నమోదయ్యాయి. సోమవారం బాలరాజును తీసేశారు. అతను పనిసంచి నా బల్ల మీద పెట్టిపోయాడు. మరునాడు అతని భార్య అక్షిత చంకన బిడ్డతో వచ్చి, "సార్, ఈయన గల్ఫు పోతా అంటున్నడు. శుక్రవారం కోరుట్ల ఏజెంటుకు పాస్‌పోర్టు ఇస్తడట. ఇస్తె ఇగ రెండేండ్ల దాక వచ్చుడే లేదు. బిడ్డ ఇప్పుడిప్పుడే నాయినా అంటున్నది సార్," అంది.

దారి ఒక్కటే ఉంది. ఇందులో ఒక ఫారం పెట్టాను. 'లోపానికి కారకులు' అని ఒక గడి ఉంది. అందులో 'వాడకందారు' అని ఒక్క మాట రాసి సంతకం చేయండి. అంటే తప్పు మీదని. శుక్రవారంలోగా హైదరాబాదు చేరితే బాలరాజును మళ్లీ తీసుకుంటారు.

మీ దయ,
శ్రీధర్

తా.క.: గడి చిన్నది. ఒక్క మాటే పడుతుంది. మీ గురించి తెలుసు కాబట్టి రెండోసారి చెబుతున్నాను: ఒక్క మాట.

తా.క. 2: ఆ ముడిని మీరు మీటింగుకు పోయిన రోజే బాలరాజు విప్పలేక కోశాడు. క్షమించండి.

*

సిరిసిల్ల,
ఆగస్టు 5

శ్రీధర్ గారికి,

ఫారం నిన్నంతా నా ముందే ఉంది. దేవమ్మ కండెలు చుట్టడం ఆపి వచ్చి నిలబడింది.

"ఏందయ్యా, ఒక్కపారి తప్పు నాదని రాస్తె నీ సొమ్మేం పోతది?"

"సొమ్ము కాదే. ముప్పై ఏండ్ల సంది సాంచాలున్న ఆసాముల ముందట గీ ముక్క రాయలే. రాస్తె అదే కాయితం రేపు మన నెత్తిన కొడతరు."

"గా పొల్లగాని బిడ్డ ముఖం సూడు. నీ నెత్తి సంగతి తర్వాత."

ఆమె అన్నది నిజమే. కలం తీశాను. కానీ 'వాడకందారు' అనే మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. తెలుగులో ఒక్క పేజీ ఇవ్వకుండా యంత్రాన్ని అంటగట్టి, కొన్నవాడే కారకుడని వాడి చేతనే రాయించడమా? అది నా ఒక్కడి ఓటమి కాదు, కొన్న ప్రతి ఇంటి ఓటమి. బాలరాజు బతకాలి, అబద్ధం రాయకూడదు. ఆలోచించి నిజమే రాశాను, ఒక్క మాటలోనే రాశాను: 'మేనేజరు'.

బాధపడకండి. మీకేం కాదు. పైవాళ్ల మనుషుల కుర్చీలు కదలగా నేనెప్పుడూ చూడలేదు. ఆలస్యం కాకూడదని ఫారాన్ని నేరుగా హైదరాబాదుకే పోస్టు చేశాను.

తృప్తిగా,
జలపతి

తా.క.: ఒక్క మాటే రాశాను, గమనించారా!

*

కోరుట్ల,
ఆగస్టు 20

జలపతి గారికి, శ్రీధర్ ఇంటి నుంచి రాయునది.

నేను క్షేమం. బాలరాజు మరీ క్షేమం. శుక్రవారం సాయంత్రం ఏజెంటు ఆఫీసు మెట్ల మీద ఉండగా అతనికి ఫోన్ వచ్చింది. పాస్‌పోర్టు జేబులో పెట్టుకొని ఇంటికి వెళ్లాడు. మీరు గెలిచారు.

మీ ఫారం చేరిన రోజే కారకుణ్ని తొలగించారు. ఆ కుర్చీ కదలదని రాశారు. అది కంపెనీది కాబట్టి నిజంగానే కదల్లేదు, నేనే కదిలాను. మీకు తెలియనిదొకటి చెప్పాలి. నేనూ కాంట్రాక్టువాణ్నే. పదకొండు నెలలకొకసారి నా కాగితం మారుస్తారు. మేనేజరునైంది నిరుడే. అంతకుముందు తొమ్మిదేళ్లు బాలరాజు పట్టుకున్న ఆ సంచే నేను పట్టుకొని తిరిగాను. మీ ఉత్తరాల్లో పైవాళ్ల మనిషి అన్నారు. ఈ సంగతి పైవాళ్లకు ఒక్కసారైనా రాసి ఉంటే బాగుండేది, వాళ్లకు తెలియదు.

ఇప్పుడు కోరుట్ల బస్టాండు పక్కన రేకుల షెడ్డులో మిక్సీలు, ఓవెన్లు బాగుచేస్తున్నాను. మీదీ పట్టుకురండి. జిడ్డు తుడిచి, మాడిన అట్ట మార్చి, తలుపు గొళ్లెం సరిచేసి ఇస్తాను. నూనె వద్దని తెలుగులో రాసి తలుపు మీద అంటిస్తాను. మీ మీద కోపం లేదు. ఉంటే ఈ ఉత్తరం పదకొండు పేజీలు ఉండేది.

కారకుడు,
శ్రీధర్

తా.క.: నా కుర్చీలో బాలరాజును కూర్చోబెట్టారు. సంచి కూడా అతని దగ్గరే ఉంచారు, రెండు పనులూ అతనివే. నిన్న చెమటలు కక్కుకుంటూ వచ్చి, "అన్నా, జలపతి కాకా నాకు దండలేసినట్టు ఉత్తరం రాసిండే," అన్నాడు. అభినందించాలనుకున్నారు, మంచిదే. కానీ రిజిస్టర్డులో ఎందుకు పంపారండీ? పాత మూడూ కొట్టేశారు గానీ, హైదరాబాదులో దాన్ని అతని పేరు మీద మొదటి ఫిర్యాదుగా రాసుకున్నారు. ఇక రెండే మిగిలాయి.