ఈరన్నల వంతు

వెబ్‌సైట్ పేర్లు ఇచ్చే రిజిస్ట్రారుగా గుర్తింపునిచ్చే అధికారి గారికి,

ఆదోని నుంచి నమస్కారం.

రిజిస్ట్రారు గుర్తింపు కోసం నేను పెట్టిన దరఖాస్తును సంతకం లేదని తిప్పి పంపారు. కారణం మనవి చేసుకుంటాను.

ఒక పేరు ఒక్కరికే ఇవ్వాలని మీ షరతు. మా వైపు ఉరుకుంద ఈరన్న స్వామి మొక్కుతో ఇంటికొక ఈరన్న ఉన్నాడు. వెబ్‌సైట్‌కు అందరికీ ఆ పేరే కావాలి. "దేవుడు అందరికీ ఇచ్చినాడు, వద్దనేకి నువ్వెవరప్పా?" అని పత్తి మార్కెట్ హమాలీ ఈరన్న నా మీదికొచ్చాడు.

అందుకే కాలువ నీళ్లకు పెట్టినట్టు పేరుకూ వంతులు పెట్టాను. నిన్న హమాలీకి, ఇవాళ టైలరు ఈరన్నకు, శ్రావణమాసమంతా స్వామికే. ఏ రోజు చూసినా పేరు ఒక్కరిదే. మీ షరతు తప్పలేదు.

నా పేరూ ఈరన్నే. పంచేవాణ్ణి కదా అని ముందు దూరలేదు. నా వంతు దసరాకు గానీ రాదు. ఇవాళ ఈ ఉత్తరం కింద సంతకం పెడితే టైలరు ఊరుకోడు.