తెర మీద కనపడని ఎనిమిదోవాడు

బంగారు తల్లి చిట్టికి,

నాన్న బోలెడన్ని దీవెనలతో రాసేది. నా చెవులు ఫోనుకి లొంగవు కనక మనకి ఉత్తరమే దిక్కు. కంప్యూటర్లో తప్పు పట్టుకునే పని మొత్తం నీ ఒక్కదాని చేతికే ఇచ్చారటగా! సంతోషం పట్టలేక పక్క కొట్టు టైలరుకి రెండుసార్లు చెప్పాను. ఇంతకీ ఆ తప్పేమిటో రాయి, మూడోసారి చెప్పాలి.

గాల్లో తేలుతున్న
నాన్న

తా.క. అమ్మకి చెబితే, "వేళకి తింటోందా?" అంది. అంతే!

నాన్నకు నమస్కారాలు.

ప్రోగ్రామంటే పెద్ద వర్క్‌షాపు అనుకో. ఒకడు ఇంకొకడికి పని పురమాయించి, అది తెమిలేదాకా ఆగుతాడు. ఆ రెండోవాడు మరొకడికి పురమాయిస్తాడు. ఎవరి కోసం ఎవరు ఆగారో, తప్పులు వెతికిపెట్టే మా డీబగ్గర్ తెర మీద వరసగా చూపించాలి. ఆ వరసనే కాల్ స్టాక్ అంటారు. ఎనిమిది మంది ఉండాల్సిన చోట ఏడుగురే కనపడుతున్నారు. మూడు వారాలైంది. నెలాఖరులోగా తేల్చకపోతే ఈ పని వేరేవాళ్ళకిచ్చి నన్ను పక్కన కూర్చోబెడతారు. భయంగా ఉంది నాన్నా.

నీ చిట్టి

తా.క. ఇది మాత్రం టైలర్ మామకి చెప్పకు.

చిట్టి తల్లికి,

మూడు వారాలుగా మనిషి కనపడకపోతే ఇంత తాపీగా రాస్తావా! వాడికి పెళ్ళాం పిల్లలు లేరా? టైలరుకి చెప్పొద్దన్నావు గానీ, ఆయన బావమరిది కానిస్టేబులు కదా, తప్పలేదు. మిగతా ఏడుగురినీ విడివిడిగా అడగమన్నాడా కానిస్టేబులు. వాడి ఎత్తు, చొక్కా రంగు వెంటనే రాయి. నువ్వు భయపడకు. నా కూతురు వెతికితే దొరకనివాడు ఉంటాడా!

నీ వెనకే ఉన్న
నాన్న

తా.క. పదకొండేళ్ళ కింద మన రిపేరు కొట్టు గోడ గడియారం విప్పితే రెండు వాషర్లలో ఒకటి లేదు. అమ్మే ఊడ్చేసిందని నానా యాగీ చేశాను. తీరా చూస్తే రెండూ ఒకే సైజువి, నూనెకి అతుక్కుని ఒకటిగా కనపడుతున్నాయి. దొరికినదాని కింద కూడా ఒకసారి చూడు తల్లీ.

నాన్నా,

ముందు ఆ కానిస్టేబులుని ఆపు! వాళ్ళు మనుషులు కారు, తెర మీద రాత వరసలు.

కానీ నీ తా.క. చదివి కుర్చీలోంచి లేచిపోయాను. మా ప్రోగ్రాములో ఒకడు పనిలో కొంత మళ్ళీ తనకి తానే పురమాయించుకుంటాడు. అంటే వాడి పేరు వరసగా రెండుసార్లు రావాలి. పేరు ఒకటే కనక మా డీబగ్గర్ రెండోదాన్ని మొదటిదాని మీదే రాసేస్తోంది. అచ్చం నీ వాషర్లే! పది నిమిషాల్లో సరిచేశాను. పని నాకే ఉంచారు.

తప్పు సరిచేశాక, కారణం కనిపెట్టింది ఎవరో ఫారంలో రాయాలి ఇక్కడ. "మా నాన్న, గడియారాల మెకానిక్" అని రాశాను.

నీ చిట్టి

తా.క. నువ్వు ఏ డిపార్ట్‌మెంటని మా మేనేజరు అడుగుతున్నాడు.

నా తల్లే, నా తల్లే!

నీ ఉత్తరం వీధంతా చదివి వినిపించాను. కానిస్టేబులు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

ఒక నిజం చెప్పాలి. ఆ వాషరు నాకు అప్పుడు దొరకలేదు. ఆ తర్వాతా దొరకలేదు, అమ్మ మీద నింద అలాగే ఉండిపోయింది. అలా అతుక్కుంటాయని పని నేర్పినాయన అనేవాడు. నీకు ధైర్యం చెప్పడానికి కథ చివర అది అతికించాను. నీ ఉత్తరం చూశాక మనసాగలేదు. అటక మీంచి గడియారం దింపి విప్పాను. రెండూ ఉన్నాయి తల్లీ, ఒకదాని కింద ఒకటి! ఇప్పుడది నడుస్తోంది. నాకు వినపడదు. చెయ్యి ఆనిస్తే తెలుస్తోంది.

ఏ డిపార్ట్‌మెంటూ లేని
నాన్న

తా.క. తప్పు చేసింది ఎవరో రాసే చోటు కూడా ఉంటుందా అక్కడ? ఉంటే దాంట్లో కూడా నాన్న పేరే రాయమంటోంది అమ్మ.