కూర్చున్నచోటి నుంచే లకుముకి

12, శుక్రవారం. బట్టలు ఉతికాను, బైనాక్యులర్స్ తుడిచాను, బూట్లు ఆరబెట్టాను.

అక్కా, నేను బాగున్నాను. నీ మోకాలి ఆపరేషన్ అయ్యాక పిట్టల టూర్లు ఇక నా వల్ల కావన్నావు కదా. అదేదో తేల్చుకుందామని ఈరోజు నీకు బదులుగా నేను చెరువు గట్టు బెంచీ మీంచి లేవలేదు. మిగతావాళ్లు గైడు వెంట రెల్లుగడ్డిలోకి నడిచారు.

"కూర్చున్నచోటికే పిట్టలొచ్చి పలకరిస్తాయా పిన్నిగారూ?" అని గైడు నవ్వాడు.

"రాకపోతే వాటికే నష్టం బాబూ" అన్నాను.

ఎండెక్కకముందే లకుముకి పిట్ట ఎదురు కర్ర మీద వాలింది. చేపను మనం బట్టలు బాదినట్టు కర్రకేసి బాది మరీ మింగింది. తిరిగొచ్చినవాళ్లకు ఎగిరిపోయే తోకే దక్కిందట. "రేపు మీ పక్కన చోటుంటుందా?" అన్నాడు గైడు.

శీతాకాలం టూరుకు మనిద్దరి పేర్లూ రాయించాను. గదికి మెట్లు లేవు, బెంచీ గుమ్మం ముందే. కాదనకు.

మీ మరిదిగారు పాలు పొయ్యి మీద పెట్టి పేపరు పట్టుకుంటారు, ఓ కన్నేసి ఉంచు. నీ బూడిదరంగు శాలువా ఉతికించు, ఎరుపు చూస్తే పిట్టలు దగ్గరికి రావట. కాలి వ్యాయామం మానకు. పిల్లలకు ఆశీస్సులు.

చిన్నప్పుడు నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పిట్టల్ని చూపించావు. ఆ బాకీ చెల్లు.

నీ చెల్లి