చిన్న గిలకపాము మోత

ప్రియమైన హోలిస్,

ఫోన్ చేస్తే ప్రతిదానికీ "ఊఁ, ఊఁ" అంటున్నావు, అందుకే రాస్తున్నా. మన అమ్మాయి లూసెట్‌కి పురుడు తేలిగ్గానే అయింది, మగపిల్లాడు. పెద్దది మార్లీకి నడకొచ్చింది, ఇల్లు పీకి పందిరేస్తోంది. నాతోపాటు దాన్ని తెస్తే తల్లికి కాస్త ఊపిరాడుతుంది. కానీ మన వాకిట్లో, తోక గిలక్కాయలా ఆడించే ఆ చిన్న గిలకపాములు లేవంటేనే తెస్తా.

నీ వెర్నా

బంగారం వెర్నా,

నిక్షేపంగా తీసుకురా. ఈ వేసవి వాటి మోత ఒక్కసారీ వినలేదు. మన పైన్ అడవిలో పాముని కంటితో వెతికేదెవరు, మెట్టు మీద ఆగి, చెవిపెట్టి, అప్పుడే కదా అడుగేస్తాం. పెద్ద గిలకపాము మాత్రం నిన్న పొట్టి తాటాకుల పాల్మెట్టో పొదలో ఎండుకాయలు ఊపినట్టు మోగించింది. నేను వెనక్కి తగ్గాను, అదీ పోయింది. చిన్నవి మొన్నటి వరదకి ఊరొదిలేసినట్టున్నాయి. పిల్లకి ఉయ్యాల కడుతున్నాను.

నీ హోలిస్

ప్రియమైన హోలిస్,

పెద్దదంటే నాకు బెంగలేదు. చెయ్యంత లావుంటుంది, ముందు చెప్పి మరీ కోప్పడుతుంది. చిన్నది మూరెడే, ఎండుటాకుల్లో కలిసిపోతుంది. దాని తలమీద వెడల్పాటి పెంకులు, పెద్దదానికైతే సన్నపొలుసులు అంటారు. అంత దగ్గరికెళ్ళి చూసేదెవరు చెప్పు. గిలక గింజంత, మోగితే పురుగు రొద చేసినట్టుంటుంది. కాటేస్తే నీలాంటి దున్నపోతుకి వాపుతో పోతుందేమోగాని, మార్లీ పిడికెడు పిల్ల. పక్కింటి ఒడెస్సాని ఒకసారి వచ్చి చూడమను. అలిగి కూర్చోకు.

నీ వెర్నా

వెర్నా,

ఒడెస్సా వచ్చింది. మెట్లు దిగుతుంటే నా మోచెయ్యి పట్టి లాగింది.

"కదలకు హోలిస్, మోగుతోంది."

"ఏం మోగుతోంది?"

నా బూటు పక్కనే చుట్టచుట్టుకుని ఉంది. తోక వణకడం కనిపిస్తోంది. నాకేమీ వినపడలేదు. ఒడెస్సా నా మొహం చూసి నన్ను మెల్లగా పై మెట్టుకి లాగింది. తర్వాత ఉయ్యాల కింద ఇంకోటి చూపించింది, చుట్టూ వేలెడేసి పిల్లలు.

అవెక్కడికీ పోలేదు వెర్నా. పోయినవి నా చెవులు. పెద్దదాని మోత అందుతోంది కదా, అన్నీ అందుతున్నాయనుకున్నాను. నా మాట నమ్మి ఆ పిల్లని నువ్వు అక్కడ కూర్చోబెట్టేదానివి. పాముల్ని కొట్టబుద్ధి కాలేదు, పాపం అవి మోగిస్తూనే ఉన్నాయి.

మార్లీని తేకు. నువ్వు మాత్రం రా. ఇన్నేళ్ళు నడిచిన వాకిలంటే నాకు భయమేస్తోంది. నువ్వొచ్చేదాకా నేను మెట్లు దిగను.

నీ హోలిస్