యాదమ్మ దిద్దిన వాక్యం

సార్,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మన సోషియాలజీ డిపార్ట్‌మెంట్‌లో మీ గదిని జిరాక్స్ మిషన్‌కు ఇచ్చేశారు. నాకు ఒళ్లు మండింది. మీ నియమాన్ని మాత్రం వదల్లేదు. ఎవరి గురించి రాశామో వాళ్లకు చదివి వినిపించాకే థీసిస్ మీద గైడ్ సంతకం.

అందుకే నిన్న నా స్టూడెంట్ కవితతో నాచారం వెళ్లాను. తను అక్కడి మూతపడిన మిల్లు కార్మికుల మీద థీసిస్ రాసింది. యాదమ్మ గుర్తుందా? మిల్లు గేటు దగ్గర మీకు చాయ్ తాగించి, మిమ్మల్నే ఎదురు ప్రశ్నలు అడిగిన మనిషి. కవిత చదువుతుంటే గడపలో కూర్చుని శ్రద్ధగా వింటూ, ఒకచోట చెయ్యెత్తి ఆపింది.

"నాకు సదువు రాదని ఎవరు జెప్పిన్రు బిడ్డా? యూనియన్ నోటీసులు గేటు కాడ అందరికి నేనే సదివి ఇనిపిస్తుంటి గదా!"

కవిత బిత్తరపోయి నా వైపు చూసింది.

"అది మీ థీసిస్‌లోంచే తీసుకున్న మేడమ్."

నిజమే. పదేళ్ల కిందట నేను రాసిన వాక్యమే. ఆమెను అడగకుండానే రాశాను. యాదమ్మ కవిత చేతిలోని పెన్సిల్ తీసుకుని, ఆ వాక్యం కొట్టేసి, పక్కన తన పేరు రాసింది.

"రాసుడు గూడ వస్తది" అంది.

నా థీసిస్ మీద సంతకం చేసేముందు మీరు ఒక్కటే అడిగారు సార్, "యాదమ్మకు చదివి వినిపించావా?" అని. వినిపించానన్నాను. మీరు ఇంకో మాట అడక్కుండా సంతకం పెట్టారు.