స్పెయిన్ సవతి

ఏమండీ,

మీ స్పెయిన్ సైకిల్ పందేల జట్టును ఎత్తేశారట. ఈ ఉదయం పేపర్లో, ఆటల పేజీలో ఓ మూల నాలుగు ముక్కలు వేశారు.

అది ఏ కంపెనీ పేరుతో పుట్టిందో, ఎప్పుడు బ్యాంకు పేరు పెట్టుకుందో, కొండలెక్కడంలో దాని మొనగాడెవరో బందరు కొట్లో పంక్చర్లు వేస్తూ అందరికీ చెప్పేవారు. మన పెళ్లిరోజు మాత్రం ఏటా నేనే గుర్తుచేయాలి. పేపర్లో దాని ఫొటో కనిపిస్తే చాలు, కత్తిరించి, "ఇదిగో, కాస్త మైదా ఉడకబెట్టవే" అని కేకేసేవారు. అంత లావు ఫొటోల పుస్తకంలో నాదంటూ ఉన్నది ఆ జిగురొక్కటే.

ఈ వార్త కూడా కత్తిరించాను. మైదా ఉడకబెట్టి, ఆఖరి పేజీలో నేనే అంటించాను.

మీరు పోయి మూడేళ్లు. నాకంటే ముందు మీ దగ్గరికి చేరిపోయిందండీ, నా సవతి.