గంట ఊగితే గోపురం ఆగుతుందా

చిన్న మంగళారం,
12 మే 1969.

ప్రియ మిత్రుడు ముకుందానికి,

పౌలు ప్రేమతో రాయునది. ప్రభువు నామమున నీకు వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి గాని, ఈసారి క్షేమం సగమే. జైల్లో తిండి ఎలా ఉందో, నిద్ర పడుతున్నదో లేదో రాయి. చేవెళ్ళలో తెలంగాణ ఊరేగింపులో నిన్ను పట్టుకుపోయినప్పటి నుంచి మీ అన్న భద్రయ్య దుకాణమైతే తెరుస్తున్నాడు గాని, బట్ట కొలుస్తూ కొలుస్తూ మధ్యలో ఆగిపోతాడట. యూనివర్సిటీ మూతపడి నేనేమో ఇంటికి చేరాను. బస్సు నడిచిన రోజు మొయినాబాద్ పోయి పేపరు చదువుతాను, నడవని రోజు అవ్వ చేత తిట్లు తింటాను.

అవ్వ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. కాళ్ళు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. దవాఖానలో నన్ను పక్కకు పిలిచి, గుండె పాడైందనీ, ఎన్నాళ్ళో చెప్పలేమనీ అన్నారు. నేను ఆమెకు చెప్పలేదు. ఆమె నన్ను అడగనూ లేదు.

ఆమె నాకు కన్నతల్లి కాబట్టి అవ్వ. నీకు ఎట్లా అవ్వ అయిందో నేను మరిచిపోలేదు. మీ అమ్మ సుమిత్రమ్మ పోయిన ఏడు, చేవెళ్ళ బడి హాస్టల్లో మా అవ్వ వంట చేసేది. నువ్వు మీ ఇంట్లో తెలియకుండా వంటింటి వెనక కూర్చుని ఆమె చేతి జొన్నరొట్టె తినేవాడివి. తెలిస్తే మీ వాళ్ళు నీకు తలస్నానం చేయించేవారు, ఆమెను పని మాన్పించేవారు. ఆ భయం ఆమెకూ ఉండేది. అయినా రోజూ నీకొక రొట్టె పక్కన పెట్టేది.

ఆ పని మాని ఊరికి వచ్చినప్పటి నుంచి మా గుడి గంట కొట్టేది ఆమే. ఆరాధనకైనా, ఎవరైనా పోయినా తాడు ఆమె చేతిలోనే ఉండేది. పోయిన వానలకు గంట గోపురం పగులు ఇచ్చింది. సంఘ పెద్ద స్వామిదాసు తాడు పైకి చుట్టి ముడివేశాడు. ఇప్పుడు అవ్వకు ఒకటే కోరిక.

“ఊర్లె అందరికి నేనే కొట్టిన. నేను పోయిననాడు నాకు కూడ మోగాలె, బిడ్డా.”

స్వామిదాసు చెడ్డవాడు కాదు. గోపురం నీడలో పిల్లలు ఆడుకుంటారు, రాయి పడితే ఎవరిది పూచీ అంటాడు. ఇంజనీరింగు చదివినవాడివి, గంట ఊగినా గోపురం ఆగుతుందని లెక్క చూపించు, నా చేత్తోనే తాడు విప్పుతానన్నాడు. ఆ మాట అవ్వకు నచ్చింది కూడా. ఆమె కోసం ఉత్త మాట చెప్పి పిల్లల మీద రాళ్ళు వేయవద్దని నన్నే హెచ్చరించింది.

సరేనని కూర్చున్నాను. గంటను కడ్డీకి వేలాడే బరువు అనుకున్నాను. దాని నాలుకను ఇంకో కడ్డీకి కట్టాను. కడ్డీ పొడుగు మారకూడదు, అదే కట్టుబాటు. గంట ఇప్పుడు ఎక్కడుంది, ఎంత వేగంతో పోతున్నది, మరుక్షణం ఎక్కడుంటుంది అని వరుస తర్వాత వరుస రాసుకుంటూ పోవడమే పని. లెక్కల మిషను యూనివర్సిటీలో తాళం వెనక ఉంది కనుక అంతా చేతితోనే. ఒక్కో వరుసలో తప్పు వెంట్రుకంత. కానీ పేజీలు నిండేసరికి మూడడుగుల కడ్డీ మూడున్నర అడుగులై కూర్చుంది. ఇనుము నా కాగితం మీద సాగుతున్నది, ముకుందం. కడ్డీ సాగితే గంట విసురు పెరుగుతుంది, ఆ విసురుకు గోపురం కూలుతుందని వస్తున్నది. ఈ అంకె తప్పని నాకు తెలుసు. అసలు అంకె ఏదో తెలియదు.

యూనివర్సిటీ హాస్టలు గదిలో మనం ఇట్లాంటి లెక్కలు చేసేటప్పుడు నేను వరుస ముందుకు నడిపేవాణ్ణి, నువ్వు ప్రతి వరుస చివరా దాన్ని సరిచేసేవాడివి. బట్టల దుకాణం వాడివి, కొసలు కత్తిరించనిదే నీకు నిద్ర పట్టదని ఎగతాళి చేశాను. ఇప్పుడు నీలాగే ప్రతి వరుసలో గంటను, కడ్డీ పొడుగుతో గీసిన దాని చుట్టు మీదికి లాగి పెడుతున్నాను. పొడుగు సరిపోతున్నది గాని ఊపు పిచ్చిపిచ్చిగా ఉంది. నీ రెండో ఉపాయమూ చూశాను. చుట్టు వదిలి పోయినప్పుడల్లా వెనక్కి గుంజే ఒక లాగుడును సమీకరణంలోనే కలిపాను. మెల్లగా గుంజితే చాలడం లేదు, గట్టిగా గుంజితే గంట చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నది. రెండు పేజీలు ఇందులో పెడుతున్నాను. ఎక్కడ తప్పానో చూసి రాయి. తొందరగా రాయి.

అవ్వ నీకు దీవెనలు చెప్పమన్నది.

ఇట్లు
నీ పౌలు


చిన్న మంగళారం,
30 జూన్ 1969.

ప్రియమైన ముకుందానికి,

వందనాలు. నీ జవాబు మొన్న గురువారం చేరింది. నువ్వు వేసిన తేదీ మే పందొమ్మిది. అంకెల వరుసల పక్కన ఎవరో నీలి పెన్సిలుతో గీతలు కొట్టారు. ఆ అంకెలను ఉద్యమం వాళ్ళ రహస్య సంకేతాలని జైలువాళ్ళు ఆపారనీ, ఎవరో లెక్కల సారుకు చూపించి, కాదని తేలాకే వదిలారనీ నువ్వు తర్వాత చేర్చిన చీటీలో చదివాను. మా గుడి గంట సర్కారును ఇంత భయపెడుతుందని అనుకోలేదు.

నా తప్పు నువ్వు ఒక్క వాక్యంలో పట్టావు. స్థానాన్ని లాగాను, వేగాన్ని వదిలేశాను. గంటను చుట్టు మీదికి తెస్తే చాలదు, దాని వేగంలో కడ్డీ పొడుగునా పోయే భాగాన్ని కూడా తీసెయ్యాలి, లేకుంటే మరుసటి వరుసలో మళ్ళీ బయటికే పరుగెడుతుంది అన్నావు. చదివి తల కొట్టుకున్నాను. మూడు రోజులు కూర్చుని మొదటి నుంచి చేశాను. ఇప్పుడు కడ్డీ మూడడుగులు దాటడం లేదు. సగం ఊపుతో కొడితే గోపురం మీద పడే తోపు ఆ రాళ్ళు ఓర్చుకునే దానిలో సగం కూడా లేదు.

కాగితాలు స్వామిదాసుకు చూపించాను. ఆయనకు మిగతావేవీ అర్థం కాలేదు. కడ్డీ పొడుగు రాసిన చోటల్లా వేలు పెట్టి పై నుంచి కింది దాకా చూశాడు. తర్వాత గోపురం ఎక్కి తాడు విప్పాడు.

ఇక నీ ఇంకో ప్రశ్న. ఉద్యమంలో పాల్గొననని కాగితం మీద సంతకం పెడితే రేపే పంపిస్తామంటున్నారు, అవ్వను చూడటానికి పెట్టి రానా అని అడిగావు. పెట్టకు. ఇది నా మాట కాదు, ఆమె మాట.

“నాకోసమని సంతకం పెట్టి రావద్దు అని రాయి. నా మూలంగ వాని తల వంగొద్దు.”

అవ్వ అట్లాగే ఉంది. పొద్దున కొంచెం జావ తాగింది. నువ్వు చిక్కిపోయావేమోనని బెంగ పెట్టుకుంది. దిగులు పడకు, ఒళ్ళు చూసుకో.

ఇట్లు
నీ పౌలు

తా.క. కవరు అంటించబోతుంటే మీ అన్న చేవెళ్ళ నుంచి మనిషిని పంపాడు. మిమ్మల్ని ఎల్లుండి వదిలిపెడుతున్నారట, ఏ సంతకమూ లేకుండానే. భద్రయ్య నీకు ఎదురు వస్తున్నాడు కనుక ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. ఇక దాచి లాభం లేదు. ఇంకెవరి నోటో నువ్వు వినకూడదు.

అవ్వ లేదు, ముకుందం. జూన్ పదకొండున తెల్లవారాక పోయింది. సంతకం మాట ఆమె అన్నదే, కానీ అది పోయే ముందు రోజు, సంతకం పెట్టినవాళ్ళను జైలు నుంచి వదులుతున్నారని ఊర్లో విని అన్నది. తాను పోయినా నీకు రాయవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. జావ తాగిందని, బెంగ పెట్టుకుందని రాసింది నేను కల్పించినది.

ఊరంతా వచ్చింది. పాటలు పాడారు, అందరూ మట్టి వేశారు. గంట మోగలేదు. స్వామిదాసు గోపురం కింద నిలబడి ఏడ్చాడు గాని ముడి విప్పలేదు, నేనూ విప్పమనలేదు. ఆనాటికి నా చేతిలో ఉన్న అంకె కూలుతుందనే చెబుతున్నది. నీ జవాబు పదిహేను రోజుల తర్వాత వచ్చింది.

అయినా లెక్క పూర్తి చేశాను. చేసిన మూడు రోజులూ గోపురం కూలుతుందనే రావాలని దేవుణ్ణి వేడుకున్నాను. అట్లా వస్తే ఆనాడు గంట కొట్టకపోవడమే సరైనదని మనసుకు చెప్పుకునేవాణ్ణి. ఆగుతుందని వచ్చింది. నమ్మలేక మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఆగుతుందనే వచ్చింది.